మాల్టా ప్రయాణం: చూడాల్సిన చోట్లు కాదు, దేశం ఎలాంటిదో చెప్పండి

గోదావరి గట్టు
సోమవారం, ఉదయం 6.50

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్ఫై ఏళ్లపాటు ప్రపంచ పటం మీద బెత్తం పెట్టి మధ్యధరా సముద్రం చూపించాను. ఇటలీ బూటు, అది తన్నే బంతి సిసిలీ అని చెప్పి పిల్లలను నవ్వించాను. ఆ బంతికి కిందుగా ఉన్న మాల్టాను మాత్రం ఒక్కసారీ చూపించలేదు. చూపించాలన్నా బెత్తం మొన కింద దేశమంతా దాగిపోయేది.

ఇప్పుడు మా అమ్మాయి అక్కడికే తీసుకెళ్తానంటోంది. తను డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. మేమిద్దరం ఆగస్టులో తన దగ్గరికి వెళ్తున్నాం. సెప్టెంబరు మూడో వారంలో ముగ్గురం కలిసి ఎనిమిది రోజులు మాల్టాలో. "చూడాల్సిన పది చోట్ల జాబితా పంపాను, చదువుకో నాన్నా" అంది. చదివాను. పెళ్లి సంబంధానికి పిల్ల ఫోటో ఒక్కటే పంపినట్టుంది. ఆ ఇంటివాళ్లు ఎలాంటివాళ్లు, ఏ భాష మాట్లాడతారు, ఏం తింటారు, ఎవరితో పేచీలున్నాయి అన్నవి అందులో లేవు. నాకు కావలసింది అవే.

మా ఆవిడ శాకాహారి. మోకాళ్ల నొప్పులున్నాయి. ఆమె అడిగింది ఒకటే: "అక్కడ ఉన్న నది ఏది?"

చుట్టపు చూపు
సోమవారం, ఉదయం 8.15

మాస్టారూ, మీరు పరీక్షకు చదువుతున్నారా, విహారానికి వెళ్తున్నారా? మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాదు నగరంలో సగం కూడా రాదు. నేను మూడు రోజుల్లో చుట్టేశాను, నాలుగో రోజు ఏం చేయాలో తోచలేదు. నాలుగు వీడియోలు చూసుకుని వెళ్లండి. మిగిలిన రోజులు సిసిలీకి పెట్టుకోండి. రాజధాని వలెట్టా నుంచి పడవ ఎక్కితే రెండు గంటల లోపే అవతలి ఒడ్డు.

ఉప్పుగాలి
సోమవారం, మధ్యాహ్నం 1.30

మాస్టారూ నమస్కారం. నేను ఆరేళ్లుగా మాల్టాలో నర్సుగా పనిచేస్తున్నాను, మాది ఖమ్మం. ముందు అమ్మగారి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ దేశం గురించి ఎవరూ అంత సరైన ప్రశ్న అడగగా వినలేదు.

నది లేదు. ఒక్కటి కూడా లేదు. చెరువులూ లేవు. వానాకాలంలో, అంటే ఇక్కడ చలికాలంలో, లోయల్లో కొన్నాళ్లు నీళ్లు పారి ఎండిపోతాయి. కొండలు కూడా పేరుకే, అన్నిటికంటే ఎత్తైన చోటు 253 మీటర్లు. మేము తాగే నీటిలో సగానికి పైగా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసేసి ఇచ్చేదే. కుళాయి నీళ్లు తాగినా ప్రమాదం లేదు కాని రుచి మీకు నచ్చదు. గోదావరి తాగి పెరిగినవారికి అసలే నచ్చదు. అందరూ సీసాలే కొంటారు.

ఇది తెలిస్తే ఊళ్లు ఇలా ఎందుకున్నాయో సగం అర్థమవుతుంది. పాత ఇళ్లన్నీ చదును మిద్దెలే. మిద్దె మీద పడ్డ వాన చుక్కను గొట్టం గుండా ఇంటి కింద రాతిలో తొలిచిన బావిలోకి దింపుతారు. నేను అద్దెకున్న ఇంట్లో వంటగది పక్కన రాతి మూత ఉంది. కింద బావి ఉందని ఆరు నెలల తర్వాత ఇంటి యజమానురాలు చెప్పింది. అప్పటిదాకా దాని మీదే బియ్యం డబ్బా పెట్టుకున్నాను.

పాత నాణెం
సోమవారం, రాత్రి 9.05

ఉప్పుగాలి గారు నీటి మాట ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే అందుకుంటాను. కాస్త పొడుగవుతుంది, మాస్టారు క్షమించాలి. మిగతావాళ్లు దాటేసి వెళ్లవచ్చు.

వలెట్టా నగరం దానంతట అది పెరిగిన ఊరు కాదు. ఒక యుద్ధం ముగిశాక గీత గీసి కట్టిన ఊరు. 1530లో స్పెయిన్ చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ దీవులను సెయింట్ జాన్ యోధులకు ఇచ్చాడు. కౌలు ఏడాదికి ఒక డేగ. ఈ యోధులు సన్యాసులు, సైనికులు, ఆసుపత్రి నడిపేవాళ్లు, అన్నీ కలిసిన ఒక విచిత్రమైన మఠం. అంతకు కొన్నేళ్ల ముందే ఒట్టోమన్ సుల్తాను వాళ్లను రోడ్స్ దీవి నుంచి వెళ్లగొట్టాడు. 1565 మే నెలలో అదే సుల్తాను సులేమాన్ సైన్యం మాల్టా మీదికి వచ్చింది. సెయింట్ ఎల్మో కోట దాదాపు నెల రోజులు ఆగి జూన్ 23న పడిపోయింది. మిగతావి పడలేదు. సెప్టెంబరు 8న ముట్టడి ఎత్తేశారు. ఆ తేదీ ఇప్పటికీ వాళ్లకు జాతీయ సెలవు. మరుసటి ఏడాది మార్చి 28న కొత్త నగరానికి పునాదిరాయి వేశారు. ముట్టడిలో నాయకత్వం వహించిన లా వలెట్ పేరే ఊరికి పెట్టారు.

ఆ ఊరికి రాసిన నియమాల్లో ప్రతి ఇంటికీ బావి ఉండాలన్నది ఒకటి. మళ్లీ ముట్టడి వస్తే దాహంతో చావకూడదు కదా. జనం పెరిగి బావులు చాలకపోతే 1615 నాటికి రబాత్ అనే ఊరి వైపు ఎత్తు నుంచి రాతి తోరణాల మీదుగా కాలువ తెచ్చారు. విన్యాకోర్ట్ కాలువ అంటారు. బస్సులో వెళ్తుంటే రోడ్డు పక్కన ఆ తోరణాలు కనిపిస్తాయి. జాబితాల్లో దానికి చోటుండదు. కాటన్ దొర ఊరివారు మీరు, దిగి చూడండి.

చుట్టపు చూపు
సోమవారం, రాత్రి 9.40

ఆ తోరణాలు నేను చూశాను. పాత రైలు వంతెన అనుకున్నాను.

పాత నాణెం
సోమవారం, రాత్రి 9.52

అందుకే మూడు రోజుల్లో అయిపోయింది.

కాగితాల కట్ట
మంగళవారం, ఉదయం 7.20

మీరంతా చరిత్రలో మునిగి అసలు గండాన్ని మరిచారు. మాస్టారూ, మీ దగ్గర ఉన్నది ఐర్లండ్ వీసా. ఐర్లండ్ ఐరోపా సమాఖ్యలో ఉన్నా, ఒకే వీసాతో చాలా దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఏర్పాటులో లేదు. మాల్టా 2007 డిసెంబరు నుంచి అందులో ఉంది. అంటే డబ్లిన్ నుంచి మాల్టా విమానం ఎక్కడానికి మీకు విడిగా షెంగెన్ వీసా కావాలి. మీ అమ్మాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే తనకూ కావాలి. ఐర్లండ్ నివాస కార్డు అక్కడ చెల్లదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

రెండో గండం: మీ ఐర్లండ్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే, మాల్టా నుంచి తిరిగి డబ్లిన్ రానివ్వరు. పలుమార్లు ప్రవేశం అని రాసి ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

షెంగెన్ వీసా మీరిద్దరూ భారత్‌లో ఉండగానే వేసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. రుసుము పెద్దలకు 90 యూరోలు, వీసా కేంద్రం వాళ్ల సేవా రుసుము వేరు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పనిసరి. సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతి పోతోంది. ఫోటో తీసి కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి 2025 అక్టోబరులో మొదలైంది. వరుసలో కాస్త నిలబడాల్సి రావచ్చు, అమ్మగారి మోకాళ్ల సంగతి ముందే చెప్పి కుర్చీ అడగండి.

గోదావరి గట్టు
మంగళవారం, ఉదయం 8.05

కాగితాల కట్ట గారూ, మీకు వేయి నమస్కారాలు. ఒక్క వీసాతో పని అయిపోతుందనే మేమంతా అనుకుంటున్నాం. పాస్‌పోర్టు తీసి చూశాను, పలుమార్లు అనే ఉంది. అమ్మాయికి ఫోన్ చేస్తే ఒక్క నిమిషం మౌనం. తర్వాత "నాకూ కావాలా?" అంది.

పాత నాణెం గారూ, డేగ కౌలు సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. మన ఊళ్లో కౌలుదారు ఎవరికైనా ఇలాంటి భూస్వామి దొరికితే బాగుండునంది.

భాష సంగతి ఎవరైనా చెబుతారా? ఇంగ్లిషు చాలునని జాబితాలో ఉంది. నిజమేనా?

ఉప్పుగాలి
మంగళవారం, సాయంత్రం 4.45

పని జరగడానికి ఇంగ్లిషు చాలు మాస్టారూ. అది కూడా అధికార భాషే. కాని మాల్టీస్ వింటే మీరు ఆగిపోతారు. అది అరబ్బీ సంతానం. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు వచ్చారు, 1091లో నార్మన్లు వచ్చారు. పాలకులు మారినా భాష ఉండిపోయింది. దాని మీద సిసిలీ మాటలు, ఇటలీ మాటలు పొరలు పొరలుగా పడ్డాయి. రాసేది మాత్రం రోమన్ లిపిలో. ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో అరబ్బీ, హీబ్రూల సెమిటిక్ కుటుంబానికి చెందినది ఇదొక్కటే.

జనంలో చాలామంది కాథలిక్కులు. అయినా దేవుణ్ణి "అల్లా" అంటారు. ఈస్టరుకు ముందు ఉపవాస కాలాన్ని "రందాన్" అంటారు. రంజాన్ మాటకు చుట్టమే. నేను వచ్చిన కొత్తలో ఒక ముసలామె మంచం మీద జపమాల తిప్పుతూ అల్లా అల్లా అంటుంటే ఆమె ఏ మతమో తెలియక తికమకపడ్డాను. మన తెలుగులోకి ఉర్దూ నుంచి వచ్చిన మాటలు గుర్తు పెట్టుకుంటే కొన్ని దొరికిపోతాయి. లోకం అంటే "దిన్యా", పుస్తకం అంటే "క్తీబ్". దునియా, కితాబు కదా!

నేర్చుకోవాల్సిన మాటలు నాలుగు చాలు. ఉదయం "బొంజు". కృతజ్ఞతకు "గ్రాట్సి". విడిపోయేటప్పుడు "సహ్హా", అంటే ఆరోగ్యం. ఇక "మెలా". అది మన "సరే మరి", "అయితే", "ఇంకేం" అన్నిటికీ కలిపి ఒకే మాట. ఫోన్లో ఎవరైనా మాట్లాడుతుంటే పది సార్లు వినిపిస్తుంది.

మూడో గేరు
మంగళవారం, సాయంత్రం 6.10

ఊళ్ల పేర్లు చదివే సూత్రం ఒకటి చెబుతాను, లేకపోతే బస్సులో తికమక తప్పదు. ఎక్స్ అక్షరాన్ని "ష" అని పలకాలి. క్యూ అక్షరం దాదాపు మాయమైపోతుంది, గొంతులో చిన్న అడ్డు మాత్రం ఉంటుంది. ఉత్తరాన సముద్రం ఒడ్డున విడిది గదులు ఎక్కువగా ఉండే ఊరి పేరును మనం రాసినట్టే చదివితే "క్వావ్రా" అంటాం. అక్కడివాళ్లు పలికేది మాత్రం "ఔరా"!

బస్సులో ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఈ డ్రైవరు దేనికి ఇంత ఆశ్చర్యపోతున్నాడా అనుకున్నాను.

అల్లం పచ్చడి
మంగళవారం, సాయంత్రం 6.32

మాస్టారూ, గది ఔరాలోనే తీసుకోండి. రోజుకు రెండుసార్లు ఆశ్చర్యపోవచ్చు.

ఉప్పుగాలి
మంగళవారం, రాత్రి 8.20

నవ్వులాటకు బాగుంది కాని ఔరా వద్దు. అమ్మగారి మోకాళ్లకు, మాస్టారి ఆసక్తికి స్లీమా గాని, వలెట్టా పక్కనున్న ఫ్లోరియానా గాని నయం. వలెట్టా లోపల వీధులు చాలా వరకు మెట్లే. రేవు నుంచి పైకి రావడానికి బరాక్కా తోట దగ్గర 58 మీటర్ల లిఫ్టు ఉంది, దాన్ని వాడుకోండి. మిట్టమధ్యాహ్నం పన్నెండుకు ఆ తోట కింద ఫిరంగి పేలుస్తారు. ముందే తెలిసి ఉంటే గుండె ఆగదు.

సెయింట్ జూలియన్స్ పక్కనే రాత్రి క్లబ్బుల పేట ఉంది. గది చవకగా కనిపించినా అటు పోవద్దు. మా బంధువులు ఒకరు ఒక వెబ్‌సైటులో ఫోటో చూసి "నిశ్శబ్ద ప్రాంతం" అని తీసుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఫోన్ చేశారు. వెనకాల వినిపించిన డప్పులకు వాళ్ల మాట నాకు వినపడలేదు.

మూడో గేరు
బుధవారం, ఉదయం 7.00

రవాణా సంగతి. మన లాగే ఎడమ వైపు నడుపుతారు, బ్రిటిషువాళ్లు వదిలిపోయిన అలవాటు. ప్లగ్గులు కూడా బ్రిటన్ మాదిరి మూడు పలకల కాళ్లవే, కాబట్టి మీ అమ్మాయి డబ్లిన్‌లో వాడే చార్జర్లు నేరుగా సరిపోతాయి. కారు అద్దెకు తీసుకోవద్దని నా సలహా. జనసాంద్రతలో ఐరోపా సమాఖ్య మొత్తంలో వీళ్లదే మొదటి స్థానం, కారు లేని ఇల్లు అరుదు. బస్సు టికెట్ రెండు గంటలు చెల్లుతుంది, ఎన్ని బస్సులైనా మారవచ్చు. చిక్కల్లా బస్సు నిండితే ఆపకుండా పోవడమే. మొదటి స్టాపు నుంచి ఎక్కండి.

గొజో దీవికి ఓడ ఉంది, సుమారు 25 నిమిషాలు. కార్లు తీసుకెళ్లే పాత ఓడలో వెళ్లేటప్పుడు డబ్బు అడగరు, తిరిగి వచ్చేటప్పుడే తీసుకుంటారు. అక్కడే ఉండిపోతే ఉచితం!

అల్లం పచ్చడి
బుధవారం, ఉదయం 11.40

అమ్మగారి భోజనం సంగతి నాకు వదిలేయండి. నేనూ శాకాహారినే, రెండు వారాలున్నాను, చిక్కిపోలేదు.

వాళ్ల జాతీయ వంటకం అనదగింది కుందేలు కూర. ఎంత ఇష్టమంటే యోధుల కాలంలో కుందేళ్ల వేట మీద ఆంక్షలు పెడితే జనం మండిపడ్డారు. అది మనకు అక్కర్లేదు, పక్కన పెడదాం. మనకు పనికొచ్చేది "పాస్తిట్సి". పొరలు పొరలుగా ఉండే కజ్జికాయ అనుకోండి. ఒక రకంలో రికోటా అనే మెత్తటి జున్ను, ఇంకో రకంలో బఠాణీ ముద్ద. బఠాణీది తింటుంటే మన బేకరీ పఫ్‌కు వేలు విడిచిన మేనత్త కొడుకులా అనిపించింది. అయితే ఒక జాగ్రత్త: పిండి పొరల మధ్య కొందరు పంది కొవ్వు వాడతారు. కొనే ముందు అడగండి, విసుక్కోరు.

"బిగిల్లా" అని చిక్కుడు జాతి గింజలను ఉడికించి, వెల్లుల్లి, నూనె వేసి నూరిన పచ్చడి ఉంటుంది. రొట్టెకు అద్దుకుంటారు. నాకు మాత్రం పక్కన రెండు పచ్చిమిరపకాయలు ఉంటే బాగుండుననిపించింది. "హొబ్జ్ బిజ్జెయ్త్" అంటే నూనె రొట్టె. టమాటా పూసి, ఆలివ్ నూనె, కేపరు మొగ్గలు వేస్తారు. చేప కూడా వేస్తారు, కాబట్టి ట్యూనా వద్దని ముందే చెప్పాలి. "విధవ చారు" అని ఒక సూప్ ఉంది. పేదింట్లో తోటలో దొరికే కూరగాయలతో కాచుకునేది కాబట్టి ఆ పేరట. అందులో కోడిగుడ్డు వేస్తారు, చూసుకోండి. తీపికి "ఇమ్‌అరెట్", ఖర్జూరం పెట్టి నూనెలో వేయించినది. వలెట్టా నగర ద్వారం దగ్గర వేడివేడిగా అమ్ముతారు. అది తిన్నాక మా ఆయన గది వైపు రావడానికి ఒప్పుకోలేదు.

సెప్టెంబరులో నాగజెముడు పళ్లు కూడా ఉంటాయి. పొలాల గట్ల మీద మన ఊరి డొంకల్లో ఉన్నట్టే పెరుగుతాయి. చేత్తో కోయకండి!

గోదావరి గట్టు
బుధవారం, మధ్యాహ్నం 2.15

మా ఆవిడ ఇది రెండుసార్లు చదివించుకుంది. ఆవకాయ, నెయ్యి తీసుకెళ్లవచ్చా అని అడగమంది.

కాగితాల కట్ట
బుధవారం, మధ్యాహ్నం 2.50

బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు. నెయ్యి పాల పదార్థమే, కాబట్టి ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయకు ఆ చిక్కు లేదు, కాని చేతి సంచిలో పెడితే ద్రవాల లెక్కలో తీసి పారేస్తారు. గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. నూనె కారితే పెట్టెలో మాస్టారి తెల్ల చొక్కాలు ఉండకుండా చూసుకోండి.

కొండవీటి వాగు
బుధవారం, రాత్రి 9.30

నేను ఈ చర్చ చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కాని ఒక్క మాట. మా నాయనమ్మ గుంటూరు దాటి ఎటూ వెళ్లలేదు. అయినా మాల్టా ఆమెకు తెలుసు. మన తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఉన్న "మెలితే" అదే. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తుంటే ఓడ పగిలి అందరూ ఆ దీవికి కొట్టుకొస్తారు. వానలో చలి కాచుకుంటుంటే పుల్లల్లోంచి పాము వచ్చి అతని చేయి పట్టుకుంటుంది, ఏమీ కాదు. దీవివాళ్లు చూపిన దయ కూడా అక్కడ రాసి ఉంది. మూడు నెలలున్నాక వేరే ఓడలో వెళ్తారు.

అక్కడివాళ్లకు అది నిన్న మొన్నటి సంగతిలా ఉంటుంది. ఫిబ్రవరి 10 ఓడ పగిలిన పండుగ, ప్రభుత్వ సెలవు. నేను రెండేళ్ల క్రితం వెళ్లి రబాత్‌లో పౌలు ఉన్నాడని చెప్పుకునే గుహలో కూర్చున్నాను. నాయనమ్మ లేదు. ఉంటే ఫోన్ చేసేవాణ్ణి.

ఉప్పుగాలి
బుధవారం, రాత్రి 10.15

కొండవీటి వాగు గారూ, మీ మాట చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

మాస్టారు హిందువులైనా ఊరి పండుగ ఒకటి చూసి తీరాలి. వేసవి అంతా వారానికో ఊళ్లో పునీతుల పండుగ. సెప్టెంబరు చివరికి తగ్గుతాయి కాని పూర్తిగా ఆగవు. వీధులకు పట్టు జెండాలు, దీపాల తోరణాలు, విగ్రహాన్ని భుజాల మీద మోసే ఊరేగింపు, ముందు బ్యాండు మేళం. మన తిరునాళ్లే. చాలా ఊళ్లలో రెండు బ్యాండు సంఘాలుంటాయి, వాటి మధ్య తరాల నాటి పంతం. ఎవరి బాణసంచా పెద్దదన్న పోటీలో పొద్దున ఎనిమిదింటికే ఆకాశంలో బాంబులు పేలుతాయి. రాత్రి విధులు చేసి పడుకునేవాళ్ల బాధ నాకు తెలుసు.

చాలా చర్చిల గోపురాలకు రెండు గడియారాలుంటాయి. ఒకటి సరైన సమయం చూపిస్తుంది, రెండోది తప్పు చూపిస్తుంది లేదా ఉత్త బొమ్మ. ప్రార్థన వేళ తెలియకుండా సైతానును తికమకపెట్టడానికి అంటారు. మీరు తికమకపడకండి, బస్సు తప్పిపోతుంది.

పాత నాణెం
గురువారం, ఉదయం 6.30

యోధుల గురించి మొన్న రాసినదానికి ఒక సవరణ చేర్చాలి, లేకపోతే నేనూ అక్కడి గైడ్ల లాగే చెప్పినట్టవుతుంది. వీరగాథ నిజమే. కాని వాళ్ల ఓడలను తెడ్లు వేసి నడిపినవాళ్లు బానిసలు. ముస్లిం ఓడల మీద పడి దోచుకోవడం, మనుషులను పట్టి తెచ్చి అమ్మడం ఆ మఠానికి ఆదాయమార్గం. వలెట్టాలో బానిసల చెర ఉండేది. 1749లో వాళ్లు తిరుగుబాటుకు పన్నాగం పన్ని దొరికిపోయారు. 1798లో నెపోలియన్ ఈజిప్టు వెళ్తూ దారిలో దిగి యోధులను సాగనంపి, బానిసత్వాన్ని రద్దు చేశాడు. మంచి పని చేశాడు కదా అనుకునేలోపే చర్చిల వెండి ఊడ్చుకుపోయాడు. మూడు నెలల్లో జనం తిరగబడ్డారు. వాళ్లు సాయం అడిగిన బ్రిటన్ 1800లో పగ్గాలు పట్టి 1964 దాకా వదల్లేదు. మనకు తెలిసిన కథే.

సెయింట్ జాన్ చర్చి నేల మీద రంగు పాలరాయి సమాధులు వందల కొద్దీ ఉన్నాయి. వాటి మీదే నడుస్తాం. అందుకే సన్న మడమల చెప్పులతో రానివ్వరు. లోపల ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, యోహాను శిరచ్ఛేదం. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే. ఆ సంతకం కూడా చిత్రంలో నేల మీద పారిన రక్తంలోనే ఉంటుంది. హత్య చేసి రోము నుంచి పారిపోయి వచ్చినవాడికి యోధులు తమ మఠంలో చోటిచ్చారు. కొద్ది నెలలకే ఇంకో గొడవలో జైల్లో పడి, తప్పించుకుని పారిపోయాడు. డిసెంబరులో మఠం ఆయన్ను వెలి వేసింది. ఆ సభ జరిగింది ఆ చిత్రం ఉన్న గదిలోనే. మీ అమ్మాయి జాబితాలో దీని పక్కన "అరగంట" అని రాసి ఉంటుంది. రెండు గంటలు ఉంచుకోండి.

ఇంకొకటి, మన సంబంధం. 1878లో రష్యాతో యుద్ధం వచ్చేలా ఉందని బ్రిటన్ భారత సైనికులను ఏడు వేల మంది దాకా ఓడల్లో మాల్టాకు తరలించింది. అందులో మద్రాసు దళాలూ ఉన్నాయి. యుద్ధం రాలేదు, వెనక్కి పంపారు. ఆ తర్వాత కొన్నేళ్లకు సింధీ వర్తకులు వచ్చి వలెట్టాలో దుకాణాలు పెట్టారు. వాళ్ల వారసులు ఇంకా ఉన్నారు.

చుట్టపు చూపు
గురువారం, ఉదయం 9.10

సరే, ఒప్పుకుంటున్నాను, నేను దేశాన్ని చూడలేదు, దాని మీదుగా నడిచాను. కాని ఒక్కటి చెప్పండి. ఎక్కడ చూసినా క్రేన్లు, దుమ్ము, కూలగొట్టే పాత ఇళ్లు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఉప్పుగాలి
గురువారం, సాయంత్రం 5.25

మీరన్నది నిజం. తేనె రంగు సున్నపురాయి ఊళ్లు అని పుస్తకాల్లో చదివి వచ్చినవాళ్లకు స్లీమా ఒడ్డున అద్దాల మేడలు చూస్తే ఉసూరుమంటుంది. జనం అయిదు లక్షల పైచిలుకు. 2021 జనాభా లెక్కల ప్రకారం వారిలో ఐదో వంతుకు పైగా విదేశీయులు, అందులో నేనూ ఒకదాన్ని. మేము రావడం వల్లే అద్దెలు పెరిగాయని కొందరు మొహం మీదే అంటారు. మేము లేకపోతే ఆసుపత్రి నడవదని వాళ్లకూ తెలుసు. రెండూ నిజాలే.

వలెట్టాలో న్యాయస్థానం ఎదురుగా ముట్టడి స్మారక విగ్రహం కింద పూలు, కొవ్వొత్తులు, ఒక స్త్రీ ఫోటో కనిపిస్తాయి. ఆమె డాఫ్నే కరువానా గలీజియా, అధికారంలో ఉన్నవాళ్ల అవినీతి గురించి రాసిన పత్రికా రచయిత్రి. 2017 అక్టోబరు 16న ఆమె కారులో బాంబు పెట్టి చంపారు. ఆ కేసు వేడికి 2019 చివర్లో ప్రధానమంత్రి తప్పుకుంటానని ప్రకటించాల్సి వచ్చింది. జాబితాల్లో ఇది ఉండదు. ఆ పూల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దేశం ఎలాంటిదని అడిగారు కాబట్టి చెబుతున్నాను.

గోదావరి గట్టు
గురువారం, రాత్రి 8.00

ఆగుతాను. చెప్పినందుకు కృతజ్ఞతలమ్మా.

చివరిగా ఒకటి. అమ్మాయి జాబితాలో మొదటిది "హైపోజియం", పక్కన నక్షత్రం గుర్తు. ఏమిటది?

పాత నాణెం
గురువారం, రాత్రి 8.20

మాస్టారూ, ఈ సందేశం చదివిన వెంటనే టికెట్లు చూడమనండి. రోజుకు 80 మందినే రానిస్తారు, పదిమంది చొప్పున. నెలల ముందే అయిపోతాయి. భూమి కింద మూడు అంతస్తులుగా తొలిచిన శ్మశానం, ఐదు వేల ఏళ్లకు పైబడినది. కొమ్ములతో, రాళ్లతో తొలిచారు, లోహం ఇంకా తెలియదు. 1902లో ఇళ్లు కట్టే పనివాళ్లు నీటి తొట్టి కోసం తవ్వుతుంటే బయటపడింది. అక్కడ దొరికిన నిద్రపోతున్న స్త్రీ మట్టిబొమ్మ వలెట్టా పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. అరచేతిలో ఇమిడేంత.

గొజోలోని జ్గంతియా గుడులు కూడా పిరమిడ్ల కంటే పాతవే. క్రీస్తుకు పూర్వం 3600 ప్రాంతంలో మొదలయ్యాయి. రాక్షసి మోసుకొచ్చి కట్టిందని ఊరివాళ్ల నమ్మకం, పేరుకు అర్థం కూడా అదే. మన పల్లెల్లో పెద్ద రాతి సమాధులను రాక్షసగుళ్లు అంటాం కదా!

ఉప్పుగాలి
గురువారం, రాత్రి 8.45

నీటి తొట్టి కోసం తవ్వుతుంటే. చూశారా అమ్మగారూ, మళ్లీ మీ ప్రశ్నే.

గోదావరి గట్టు
అక్టోబరు 4, ఉదయం 7.30

మిత్రులారా, తిరిగొచ్చి డబ్లిన్‌లో ఉన్నాం. హైపోజియానికి రెండు టికెట్లే దొరికాయి. నేను, మా ఆవిడ వెళ్లాం. అమ్మాయి బయట ఎండలో కూర్చుంది, ఇంకా అలక తీరలేదు. విన్యాకోర్ట్ తోరణాల దగ్గర బస్సు దిగాను. దిగింది నేనొక్కణ్ణే. డ్రైవరు "ఇక్కడ ఏమీ లేదండీ" అని రెండుసార్లు చెప్పాడు.

మార్సష్లోక్ అనే జాలరుల ఊళ్లో పడవల ముక్కున కళ్లు వేసి ఉన్నాయి. మన ఇళ్ల గుమ్మాలకు దిష్టిబొమ్మ కట్టినట్టే, కీడు తగలకుండానట. ఒక ముసలి జాలరి వాటికి రంగు వేస్తుంటే మా ఆవిడ పక్కన నిలబడి సైగలతో అరగంట మాట్లాడింది. ఇద్దరికీ ఇంగ్లిషు రాదు. చివరికి అతను ఏదో అన్నాడు, ఈవిడ "మెలా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "అతనికీ మోకాళ్లేనట" అంది.

ఉప్పుగాలి గారింట్లో ఒక పూట భోజనం చేశాం. బియ్యం డబ్బా ఇంకా బావి మూత మీదే ఉంది.

ఉప్పుగాలి
అక్టోబరు 4, మధ్యాహ్నం 12.10

వేరే చోటు లేదు మాస్టారూ! ఆవకాయ సీసా కూడా ఇప్పుడు దాని పక్కనే.